కూర్మయ్య సైకిలూ, పోలిరాజు ఏనుగూ

ఖిదిర్‌పూర్‌లో ట్రాము దిగాక కూర్మయ్యకి కాళ్లు ముందుకు పడలేదు.

బాంకురాలో బస్సెక్కిన దగ్గర్నుంచీ ఒకే ఒక్క మాట నోట్లో తిప్పుకుంటూ వస్తున్నాడు. చెల్లెలు తవిటమ్మకి ఏమని చెప్పాలి? "తవిటీ, మీ ఆయన దొరకనేదమ్మా" అనాలా? "సైకిలు దొరికింది" అని మొదలెట్టాలా? సైకిలు దొరికిందంటే, మరి మనిషేడని అడుగుతుంది. అడిగితే ఏం చెప్పాలి? కూర్మయ్య మాటలు చేతకాని మనిషి. ఓడలు ఆగే డాకులో బస్తాలు మోసే గ్యాంగులో పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా పట్టుమని పది మాటలు మాట్లాడడు. ఇంట్లో మాట్లాడే పనంతా చెల్లెలి మొగుడు పోలిరాజే చూసుకునేవాడు. వాడూ అదే గ్యాంగు. కానీ వాడు మోసే బస్తాల కంటే కోసే కోతలే ఎక్కువ బరువని గ్యాంగులో అందరూ అనేవాళ్లు.

అలాంటి పోలిరాజు పేటలోని క్లబ్బు కుర్రాళ్లతో కలిసి సైకిలు యాత్రకి వెళ్లాడు. బాంకురా దాకా రైల్లో, అక్కణ్ణుంచి చెరువులూ, అడవులూ, కొండలూ దాటుకుంటూ ఎర్ర గ్రావెల్ దారుల్లో తిరగాలని క్లబ్బు సెక్రటరీ హారాన్‌దా పెట్టిన ప్రోగ్రాము. పోలిరాజుకి సైకిలు లేదు. కూర్మయ్య సైకిలు పట్టుకుపోయాడు. వారం తిరిగేసరికి అందరూ వచ్చేశారు, వాడొక్కడు తప్ప. అడవిలో దారి రెండుగా చీలిన చోట వాడు ముందు వెళ్లిపోయాడనీ, తీరా చూస్తే ఆ దారిలో లేడనీ, ఒక పూటంతా వెతికామనీ చెప్పి హారాన్‌దా తల దించుకున్నాడు. ఆ రోజు నుంచి తవిటమ్మ పొయ్యి వెలిగించలేదు. కూర్మయ్య గ్యాంగు సర్దారుతో చెప్పి వెతకడానికి బయల్దేరాడు.

తను వెతికిందేమిటో, చూసిందేమిటో ఇప్పుడు తలుచుకోవాలంటేనే భయంగా ఉంది. నిన్న మధ్యాహ్నం, వాన వెలిశాక, వాగు దిగువన తుమ్మకంపలో ఇరుక్కున్న సైకిల్ని ఊరివాళ్లు తాడేసి లాగారు. ముందు చక్రం వంకరపోయింది. వెనక మడ్‌గార్డు మీద మాత్రం తెల్లరంగుతో తను రాసుకున్న 'కూ' అక్షరం చెక్కుచెదరకుండా ఉంది. ఆ అడవిలో తెలుగు అక్షరం చూసి కూర్మయ్య అక్కడే బురదలో కూలబడ్డాడు.

అదంతా మనసులో మోసుకుంటూ, ఇంటి సందులోకి తిరగబోతూ, గురువులు టీ బడ్డీ ముందు జనం మూగి ఉండటం చూశాడు. లోడ్ షెడ్డింగు. గురువులు అప్పుడే లాంతరు వెలిగించి గుంజకి తగిలిస్తున్నాడు. జనం మధ్య నుంచి ఒక గొంతు వినబడింది.

"...నానేటీ గొప్ప సెప్పుకోను గురువులన్నా. కొండ మీంచి కిందకి దిగినాను. అంతే. సైకిలు తొక్కడం వొచ్చినోడు ఎవుడైనా దిగుతాడు."

కూర్మయ్య పక్కనున్న కరెంటు స్తంభం పట్టుకున్నాడు.

గొంతు అదే. ముక్కుతో సాగదీసే ఆ మాట అదే. జనం సందుల్లోంచి చూశాడు. బల్ల మీద, ఒక కాలు చాపుకుని, మోకాలికి ఏదో పచ్చటి ఆకు పసరు కట్టు కట్టుకుని, చేతిలో మట్టి కప్పుతో పోలిరాజు కూర్చున్నాడు. పక్కన కింద తవిటమ్మ గొంతుక్కూర్చుని ఉంది. మొగుడి చొక్కా అంచు పిడికిట్లో పట్టుకుని, ఎవరైనా లాక్కుపోతారేమో అన్నట్టు, వదలకుండా ఉంది.

కూర్మయ్యకి కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. పరిగెత్తుకెళ్లి వాటేసుకుందామనుకున్నాడు. లాగి ఒకటి ఇద్దామనీ అనుకున్నాడు. రెండూ చెయ్యలేక, జనపనార బేళ్లు దించిన తోపుడుబండి చాటున నిలబడి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కళ్లు ఆరేదాకా ఇక్కడే ఉందామనుకున్నాడు. అసలు సంగతి, ఆ గొంతు ఇంకాస్త సేపు ఊరికే వినాలనిపించింది.

"మన డాక్ రోడ్డు లాగ తారుది గాదన్నా," పోలిరాజు అందుకున్నాడు. "ఎర్ర గ్రావెలు. గోళీకాయలంత రాళ్లు. చక్రం కింద పడితే రాయి తుపాకీ గుండు లాగ ఎగిరిపోతాది. కుర్రోళ్లందరూ దిగి నడిపించుకుంటన్నారు. నాను దిగనేదు. బ్రేకులున్నాయా? నేవు. కొండ మీదే ఊడిపోనాయి."

'నా సైకిలు బ్రేకులు ఊడవు' అనుకున్నాడు కూర్మయ్య. వాటి రబ్బర్లు వాడు వెళ్లే ముందు తనే మార్చాడు.

"ఆ యేగానికి రాయీ రాయీ రాసుకుని నిప్పురవ్వలు లేస్తన్నాయి. అవి ఊరికే పోడం ఎందుకని బీడీ నోట్లో పెట్టి, అలగ పక్కకి వొంగి, చక్రం దగ్గిర ముట్టించుకున్నాను."

"వొంగితే పడిపోవేట్రా?" అన్నాడు గురువులు, పాలగిన్నె కలుపుతూ.

"పడ్డానికి ఖాళీ ఏదన్నా? ఇంకా ఇను. ఎదురుగా మలుపు. అవతల ఎద్దుబండి ఉందేమోనని గంట కొట్టినాను. ఇనబళ్లేదు. మళ్లీ కొట్టినాను. ఇనబళ్లేదు. మా బావ సైకిలు గదా, గంట కూడా వాడిలాగే మాటాడదనుకున్నాను."

జనం నవ్వారు. తోపుడుబండి చాటున కూర్మయ్యకీ నవ్వొచ్చింది. తడి ఆరని కళ్లతో నవ్వుతూ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"సరే, కిందకి దిగిపోనాను. పెద్ద చెరువు. చెరువంటే మన లాల్‌దిఘీ అనుకోకండి, అవతలి గట్టు అగుపడదు. సైకిలు ఆపి, మొగం కడుక్కుని, తుడుసుకుంటన్నాను. అప్పుడొచ్చినాది నా గంట సప్పుడు. ట్రింగు ట్రింగు మనుకుంటా కొండ దిగి, నా ఎనకాల నుంచి. ఎవుడో వొస్తన్నాడనుకుని పక్కకి తప్పుకుని దారి కూడా ఇచ్చినాను."

హారాన్‌దా కూడా అక్కడే ఉన్నాడు. చిన్నప్పట్నుంచీ తెలుగు బస్తీ పక్కన పెరిగిన మనిషి, మాట్లాడ్డం రాకపోయినా వింటే అర్థమవుతుంది. పోలిరాజు కనపడకుండా పోయినందుకు ఇన్నాళ్లూ అందరి చేతా మాటలు పడి, ఇవాళే కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. బెంచీ చివర కూర్చుని మోకాళ్లు చరుచుకుంటూ, "తార్‌పొర్? తార్‌పొర్?" అని, తర్వాతేమైందో చెప్పమని తొందరపెడుతున్నాడు.

"తార్‌పొర్ ఏటయిందో తెలుసా దాదా? మీరు తప్పిపోనారు."

"ఆమ్రా?" అన్నాడు హారాన్‌దా, గుండె మీద చెయ్యేసుకుని. మేమా అని.

"మరేటి? నాను తిన్నగానే ఎల్లినాను. మీరంతా తప్పిపోనారు. పోన్లే పాపం కుర్రోళ్లని మిమ్మల్ని ఎతకడానికే అడివిలోకి దూరినాను. అన్నీ సాలుచెట్లు. మిట్టమధ్యాన్నం కూడా చీకటి. అక్కడ ముల్లు గుచ్చుకుని టైరు గాలి పోయినాది. పంపు నేదు. తలెత్తి సూద్దును గదా, ఏనుగు."

"ఓలమ్మో!" అంది సన్యాసమ్మ. బజారులో చేపల గంప దించి ఇంటికి పోతూ ఆగిన ముసలమ్మ. "ఏనుగే?"

"ఏనుగంటే ఏనుగా పిన్నీ! మన డాకులో క్రేను లేదా, దానికి చెవులు తగిలించినట్టుంది. నాను పారిపోనానా? నేదు. 'దాదా, కేమోన్ ఆఛేన్' అన్నాను. బెంగాలు ఏనుగు గదా, తెలుగు రాదు. ఎంత సంతోషపడిపోనాదో! అడివిలో దాన్ని బాగున్నావా అని అడిగినోడు లేడు పాపం. కిందకి సూసింది. టైరు సూసింది. తొండం తెచ్చి గాలి పెట్టే చోట ఆనించి, ఉఫ్‌మని ఒక్క ఊపు ఊదింది. టైరు గుమ్మడికాయ లాగ ఉబ్బిపోనాది. రెండోదానిక్కూడా ఊదమన్నాను. ఊదింది."

తవిటమ్మ తలెత్తి మొగుడి మొహంలోకి చూసింది. ఇన్నాళ్ల ఏడుపుకి వాచిపోయిన కళ్లవి. ఆ కళ్లు కూడా నవ్వుతున్నాయి. "ఏటి మావా, ఏనుగే ఊదిందా?" అంది.

"నీ మీదొట్టు."

"నా మీద ఒట్టెయ్యకు. ఏనుగు మీదెయ్యి."

మళ్లీ నవ్వులు. పోలిరాజు నవ్వులు తగ్గేదాకా టీ చప్పరించాడు. కోతల మధ్య ఎక్కడ ఆగాలో వాడికి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు.

"ఇప్పుడు ఆలోసించండి. అంత గాలున్న చక్రం నీళ్లల్లో మునుగుతాదా? మునగదు. చెరువు చుట్టూ తిరగాలంటే ఒక పూట పడతాది. ఎందుకొచ్చిన గొడవని తిన్నగా చెరువులోకి తొక్కీసినాను. చెరువు మీద గ్రావెలుండదు గదా. నున్నగా, సిమెంటు గచ్చు మీద పోయినట్టు పోతన్నాది. కింద చేపలు తలెత్తి సూస్తన్నాయి. కొన్ని ఉండబట్టలేక ఎగిరినాయి. ఎగిరిన చేప ఎగిరినట్టే చక్రం చువ్వల్లో ఇరుక్కున్నాది. చువ్వకో చేప. మంచి రుయి చేపలు."

చేపల మాట రాగానే సన్యాసమ్మ ముందుకు జరిగింది. "ఎంతెంత ఉంటాయిరా ఒక్కోటి?"

"మోచెయ్యంత."

"మరేవీ? ఒక్కటీ తేలేదేం?"

"చక్రం ఆ యేగంలో తిరిగితే గాలికీ ఎండకీ ఏటవుతాది పిన్నీ? అవతలి గట్టు చేరేసరికి ఎండిపోనాయి. అన్నీ ఎండుచేపలే. గట్టు మీద ఊరోళ్లకి పంచేసినాను."

సన్యాసమ్మ "నీ నోట్లో మన్ను బొయ్య" అని ముద్దుగా తిట్టింది. ముద్దుగానే గానీ, తిట్టాక కొంగుతో కళ్లొత్తుకుంది. వీడు ఇక రాడనే, మొన్న తవిటమ్మని ఒళ్లో పడుకోబెట్టుకుని ఓదార్చింది ఆవిడే మరి.

కూర్మయ్య నిలబడే వింటున్నాడు. ఒక్కొక్క కోతా గుండె మీంచి ఒక్కొక్క బస్తా దింపినట్టుంది. వీడు ఇలాగే తెల్లారేదాకా వాగినా బాగుండుననిపించింది.

"అసలైంది ఇప్పుడు సెప్తాను," పోలిరాజు కప్పు కింద పెట్టాడు. "ఊరు దాటితే ఓ గుండ్రటి కొండ. దాని చుట్టూ గ్రావెలు దారి. చుట్టూ తిరిగి అవతలికి పోవాలి. తొక్కతన్నాను. తొక్కతన్నాను. టైర్లలో ఏనుగు గాలి, ఆగమన్నా ఆగదు. ఇంతలో నా ముందు ఎవుడో సైకిలు మీద పోతన్నాడు. అడివిలో తోడు దొరికిందని 'ఒరే ఆగరా' అన్నాను. ఆగడు. నాను జోరు పెంచితే వాడూ పెంచుతాడు. నాకు పౌరుషమొచ్చింది. కండలు తెగేటట్టు తొక్కి, దగ్గిరకంటా ఎల్లి సూద్దును గదా... వాడి వీపు మీద చొక్కాకి అతుకుంది. నీలం చొక్కా, తెల్ల అతుకు. మా తవిటమ్మ ఏసిన అతుకు!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందు గురువులుకి అర్థమైంది. గరిటె పాలల్లో వదిలేసి పొట్ట పట్టుకున్నాడు. హారాన్‌దాకి పక్కనున్నవాడు బెంగాలీలో చెప్పగానే బెంచీ మీంచి లేచిపోయి "నిజేర్ పిఠ్! నిజేర్ పిఠ్!" అని తన వీపు తనే తట్టుకున్నాడు.

"నన్ను నానే దాటేసేవోణ్ణి," అన్నాడు పోలిరాజు, చాలా నెమ్మదిగా. "బాగుండదని ఆగినాను."

నవ్వులు సద్దుమణిగాక గురువులు కళ్లు తుడుచుకుంటూ అడిగాడు. "అంతా బాగుంది గానీ పోలీ, ఆ సైకిలేదిరా? కుంటుకుంటూ నడిసొచ్చినావు. మీ బావ సైకిలు ఏం జేసినావు?"

పోలిరాజు తడుముకోలేదు. "ఏనుక్కిచ్చేసినాను."

"ఏనుక్కా!"

"ఎనక్కి వస్తంటే మళ్లీ అగుపడింది. ఊరి నుంచి ఊరికి నడవలేక కాళ్లు నొప్పులంట. అంత సాయం చేసింది, అడిగితే కాదంటానా? మా బావ మాత్రం ఏటంటాడు? మంచి మనిషి. ఇప్పుడు హాయిగా తొక్కుకుంటంటాది."

"తొక్కడం రాలేదు బావా దానికి," అన్నాడు కూర్మయ్య. "తీసికెళ్లి వాగులో పడేసింది."

అందరూ వెనక్కి తిరిగారు. తోపుడుబండి చాటు నుంచి, మోకాళ్ల దాకా ఎర్ర బురద ఎండిపోయి, గడ్డం మాసిపోయి, కూర్మయ్య లాంతరు వెలుగులోకి వచ్చాడు.

"అన్నియ్యా!" అంటూ తవిటమ్మ లేచి వచ్చి అన్న చెయ్యి పట్టుకుంది. "వొచ్చేసినాడు అన్నియ్యా. ఇవాళ మధ్యాన్నం వొచ్చేసినాడు. నీకు కబురెలాగ పంపాలో తెలీక నాను..."

"సూసినానమ్మా. ఇందాకట్నుంచీ ఇంటన్నాను."

పోలిరాజు లేవబోయి, మోకాలు సహకరించక మళ్లీ కూర్చున్నాడు. వాడి మొహంలో రంగు మారింది. "బావా, నువ్వు... నన్ను ఎతకడానికి ఆ అడివిలోకి ఎల్లినావా?"

"ఎల్లినాను. చెరువు గట్టు మీద బుధనీ అని ముసలమ్మ ఉంది సూడు, ఆవిడింటికి ఎల్లినాను."

ఆ పేరు వినగానే పోలిరాజు తల దించుకున్నాడు. జనం బల్ల దగ్గరికి జరిగారు. కూర్మయ్య ఇన్ని మాటలు మాట్లాడటం వాళ్లెవరూ చూడలేదు.

"కొండ మీంచి దిగినాడు, అది నిజమే," అన్నాడు కూర్మయ్య గురువులుతో. "మొదటి మలుపులోనే గ్రావెలు మీద జారి గోతిలో పడ్డాడు. మోకాలు కుండలాగ వాచిపోయింది. ముసలమ్మ మేకల కోసం వొచ్చి సూసి, ఇద్దరు మనుషుల్ని పిలిచి మోయించుకుపోయింది. అప్పట్నుంచీ వాళ్లింటి అరుగు మీద కూకుని, కర్ర పట్టుకుని, ఆవిడ మేకల్ని కాసినాడు. ఏనుగు నేదు, ఏటీ నేదు. ఒక పోతుమేక మాత్రం పొడిసిందంట."

"ఎక్కడ?" అన్నాడు గురువులు.

"కూకునే సోట."

బడ్డీ దద్దరిల్లిపోయింది. తవిటమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పోలిరాజు తల ఎత్తలేదు.

"కాస్త నడవగలిగేసరికి ఇంటిమీద బెంగపెట్టుకుని బయల్దేరినాడంట. ముసలమ్మ ఆగమంటే ఆగలేదంట. వాన. వాగు పొంగింది." కూర్మయ్య మోకాలి మీది ఎండు బురదని గోటితో గీకాడు. "నిన్న సైకిలొక్కటే దొరికింది."

నవ్వులాగిపోయాయి. అప్పుడు పోలిరాజు, ఏ సాగదీతా లేకుండా చెప్పాడు. "వాగులో సగం దూరం దిగేసరికి నీళ్లు లాగేసినాయి బావా. సైకిలొగ్గేసి ఒడ్డున చెట్టువేరు పట్టుకున్నాను. తేరుకున్నాక అడ్డంపడి రోడ్డెక్కితే సాలాకుల లారీ ఒకటి ఖరగ్‌పూర్ దాకా తెచ్చింది. చాలా భయమేసినాది."

తవిటమ్మ మొగుడి పక్కకి వెళ్లి బల్ల మీద కూర్చుంది. గురువులు గ్లాసు నిండా టీ పోసి, ఇంకో చెంచా పంచదార వేసి కూర్మయ్యకి ఇచ్చాడు.

"ఇంకో సంగతుంది," అన్నాడు కూర్మయ్య, టీ ఊదుకుంటూ. "నన్ను ఖిదిర్‌పూరోణ్ణని తెలిసి ఊరంతా వొచ్చినారు. నులక మంచమేసి కూకోబెట్టినారు. ఎందుకంటే ఈడు రోజూ సాయంత్రం మన సంగతులు సెప్పేవోడంట. ఓడ వొచ్చినప్పుడు పైకి లేస్తాది సూడు, మన డాకు వంతెన, దాన్ని ఈడే లేపుతాడంట. ఒంటి చేత్తో."

"ఓరి నీ!" అన్నాడు గురువులు.

"సైకిలు ఒడ్డుకి లాగినాక బుధనీ ముసలమ్మ ఏడుసుకుంటా నా దగ్గిరకొచ్చింది. 'ఇప్పుడా వంతెన ఎవరు లేపుతారయ్యా' అంది. పక్కనున్న పెద్దాయన ఒకడు, 'ఇనప వంతెన మనిషి లేపుతాడా, అదంతా వొట్టి కోతే' అన్నాడు. అందరూ నా వేపు సూసినారు. నిజం నువ్వు సెప్పమని."

పోలిరాజు మొదటిసారి తలెత్తాడు. "నువ్వేటి సెప్పినావు?"

కూర్మయ్య గ్లాసు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అబద్ధం ఆడి ఎరగని మనిషి. చెవులు ఎర్రబడ్డాయి.

"నువ్వు పోయావనుకున్నాను బావా. పోయినోణ్ణి అబద్ధాలకోరని ఎలాగంటాను? నిజమే, ఒంటి చేత్తోనే లేపుతాడన్నాను." ఒక గుక్క తాగాడు. "అదీ ఎడం చేత్తోనన్నాను."

పోలిరాజు తన ఎడం చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు. తర్వాత కూర్మయ్య మొహంలోకి చూశాడు.

"మరీ ఎడం చేత్తోనా?" అన్నాడు. "అంత కోత కోస్తే ఎవులు నమ్ముతారు బావా?"

"నమ్మినారు," అన్నాడు కూర్మయ్య. "ఆ పూటకి నానూ నమ్మినాను."